టోక్యో నుంచి బివా సరస్సు దాకా: వేలెడంత చేపలకు గాలం

వేలెడంత కూడా లేని చేపలను గాలంతో పట్టి, జాతి గుర్తుపట్టి, ఫొటో తీసుకుని వదిలేయడాన్ని ఇప్పుడు మైక్రోఫిషింగ్ అంటున్నారు. జపాన్‌లో మాత్రం ఇది ఎడో కాలం (17–19 శతాబ్దాలు) నుంచి ఉన్న కాలక్షేపమే. తనగో అనే చిన్న మంచినీటి చేప కోసం ప్రభువులు, డబ్బున్న వర్తకులు ప్రత్యేకంగా వెదురు కర్రలు చేయించుకునేవారు. ఆడవాళ్ల తలవెంట్రుకలనే దారంగా వాడేవారని కూడా చెబుతారు. మనవైపు కాలువగట్టు మీద పిండిముద్దతో పరిగెలు పట్టినవాళ్లకు పని తీరు కొత్త కాదు. కొలతలే కొత్త.

అక్టోబరు చివర, నవంబరు మొదట్లో వెళ్తే రెండు లాభాలు. చలి మొదలవగానే తనగోలు సరస్సు వదిలి రేవుల్లోకి, కాలువల్లోకి గుంపులుగా చేరతాయి. వాటిలో పెద్దదైన కనెహిరా శరదృతువులోనే గుడ్లు పెడుతుంది కాబట్టి మగచేప అప్పుడు పూర్తి రంగులో ఉంటుంది. ఆరు రోజులుంటే టోక్యో, కసుమిగౌరా సరస్సు, బివా సరస్సు మూడూ కుదురుతాయి. ఆరింటికి తెల్లారి అయిదుకల్లా చీకటి పడే రోజులవి, కాబట్టి ప్రయాణాలు చీకట్లో పెట్టుకుని వెలుతురంతా నీటి దగ్గరే ఉండాలి.

మొదటి రోజు: టోక్యో, సామాను

ఈ రోజు నీళ్ల దగ్గరకు వెళ్లకపోయినా ఫరవాలేదు. సామాను సరిగ్గా కుదరకపోతే మిగతా అయిదు రోజులూ దండగే. జోషూయా, క్యాస్టింగ్ లాంటి గొలుసు దుకాణాల్లో తనగో సామానుకు విడిగా ఒక అర ఉంటుంది. అక్కడే అన్నీ దొరుకుతాయి.

కర్ర: రీలు అక్కర్లేదు. ఒకదాంట్లోంచి ఒకటి లాగే కార్బన్ కర్రలు రెండు చాలు. రేవు గోడ పక్కన నిలువుగా దించడానికి 1.2 మీటర్లది, కాలువ అవతలి అంచు అందుకోవడానికి 2.1 మీటర్లది. ముడిస్తే జానెడు, మూరెడు మధ్యకు వచ్చి సంచిలో పడతాయి. 24 సెంటీమీటర్ల ముక్కలు కలిపి చేసే వెదురు తనగో కర్రలు చూస్తే మనసు లాగేస్తుంది, చేతిపనిగా వాటికి చాలా పేరుంది. కానీ మొదటిసారి వెళ్లేవాళ్లు వాటిమీద డబ్బు పెట్టడం అనవసరం. తడిసినప్పుడల్లా తుడిచి, నీడన ఆరబెట్టి, అపురూపంగా చూసుకోవాల్సిన వస్తువది. హోటల్ మార్చే ప్రయాణంలో ఆ ఓపిక ఉండదు.

దారం: జపాన్‌లో దారం మందాన్ని ‘గో’ల్లో చెబుతారు. 1 గో అంటే 0.165 మిల్లీమీటర్లు. తనగోకు 0.4 గో నైలాన్, అంటే 0.10 మిల్లీమీటర్లు, సరిపోతుంది. గాలి ఎక్కువైన రోజుకు 0.6 గో (0.13 మి.మీ.) ఒక చుట్ట దగ్గరుంచుకోవాలి, సన్నదారం గాలికి కర్రకు చుట్టుకుంటే విప్పడం ఎవరి తరమూ కాదు. అంతకన్నా లావుకు పోతే మెలికలు నీళ్లలో కూడా సాగవు. చేప ఎర పీల్చినా ఆ కదలిక బెండు దాకా రాదు. దారం పొడవు కర్ర కన్నా ఒక జానెడు తక్కువ పెడితే, కర్ర ఎత్తగానే గాలం చేతికి వస్తుంది.

గాలం: ఓనర్ వాళ్ల ‘షిన్ హంగెట్సు’, గమకత్సు వాళ్ల ‘గొకుషో తనగో’ రెండూ నమ్మదగ్గవి. దారం కట్టే అమ్ముతారు. మొదటిది కాస్త పెద్ద నోటి చేపలకూ పనికొస్తుంది. రెండోది మరీ చిన్నవాటికి. కట్టి వచ్చిన దారం పొడవుగా ఉంటుంది, దాన్ని 3 నుంచి 5 సెంటీమీటర్లకు కత్తిరించుకోవాలి. ఎందుకంటే తనగో ఎరను నోట్లోకి పీల్చి, నచ్చకపోతే క్షణంలో ఉమ్మేస్తుంది. సీసానికీ గాలానికీ మధ్య దారం పొడవుగా ఉంటే ఈ పీల్చడం, ఉమ్మడం అంతా ఆ వదులులోనే అయిపోతుంది. బెండు కదలదు, ఎర మాత్రం మాయమవుతుంది.

కొందరు అక్కడితో ఆగరు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద సన్న వజ్రపు ఆకురాయితో ముల్లు కొసను ఇంకా పొట్టిగా, ఇంకా వాడిగా అరగదీస్తారు. 20 మిల్లీమీటర్ల వ్యాసముండే ఒక యెన్ నాణెం మీద ఇమిడే తనగోను పట్టడం వాళ్ల లక్ష్యం. ఆ స్థాయి మనకు అక్కర్లేదు గానీ, వాడి చూసే పద్ధతి మాత్రం నేర్చుకోవాలి. గాలం కొసను బొటనవేలి గోరు మీద బరువు వేయకుండా ఆనించి లాగితే గోరుకు తగులుకోవాలి. జారిపోతే పారేయండి. రేవు కాంక్రీటుకు ఒకసారి గీసుకున్న గాలం దాదాపు ఎప్పుడూ జారుతుంది.

ఇక బెండు. ఈ వేటలో తొంభై పాళ్లు పని దీనిదే. రెండు మూడు సెంటీమీటర్ల సన్న నిలువు బెండు ఒకటి, దాని కింద దారం మీదే 2 మిల్లీమీటర్ల పసుపు, నారింజ రంగు పూసల బెండ్లు అయిదు నుంచి ఏడు, ఒకదానికొకటి రెండు సెంటీమీటర్ల ఎడంగా. మొత్తం బెండ్లు నీళ్లలో కాస్త మునిగి, చాలా నెమ్మదిగా కిందికి దిగేలా సీసం తూచుకోవాలి. పైకి తేలే బెండును కిందికి లాగాలంటే చేపకు బలం కావాలి, రెండంగుళాల చేపకు అంత బలం ఉండదు. దిగుతున్న బెండ్లను ఆపడానికీ పక్కకు జరపడానికీ మాత్రం దాని పీల్పు సరిపోతుంది.

ఈ తూకం హోటల్ గదిలోనే చేసుకోవాలి. రెండు లీటర్ల నీళ్ల సీసా మెడ కోసి, నింపి, బల్ల మీద పెట్టండి. సీసపు రేకు 5 మిల్లీమీటర్ల వెడల్పున కత్తిరించి దారానికి వదులుగా చుట్టి, బెండ్ల వరసను నీళ్లలో వేయండి. మొదట గబుక్కున మునిగేంత సీసం ఉండాలి. తర్వాత కత్తెరతో ఒక్కో మిల్లీమీటరు తగ్గిస్తూ రావాలి. పై బెండు కొస నీటిమట్టానికి సమంగా వచ్చి, ఒక లెక్కన ఆగినట్టే ఆగి, మెల్లిగా దిగడం మొదలైతే ఆపేయాలి. గాలం కట్టే ఉంచి తూచండి, కానీ ఎర పెట్టకుండా. ఎర బరువుతో తూస్తే, ఎర కరిగిపోయాక బెండ్లు పైకి లేచి ఖాళీ గాలంతో కూర్చుంటాయి. కుళాయి నీళ్లు కాసేపు నిలవనివ్వండి. వెంటనే తూస్తే గాలి బుడగలు పూసలకు అంటుకుని లెక్క తప్పిస్తాయి.

మిగతావి చిల్లర సామాను: ఎర పిండే సిరంజి లాంటి సన్న గొట్టం, మడతపెట్టే చిన్న బకెట్టు, చేపను నిలబెట్టి చూసే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, మొన లేని చిన్న పట్టకారు. గాలాలు, కత్తెర విమానంలో పెద్ద సామానులోనే వేయాలి.

రెండో రోజు: మిజుమోతో పార్కు

కనమాచి స్టేషన్‌లో దిగి బస్సులో పది నిమిషాలు. టోక్యో ఈశాన్యపు అంచున ఉన్న పెద్ద పార్కు ఇది. గాలం వేయనిచ్చే చోట్లు, వద్దనే చోట్లు బోర్డుల మీద రాసి ఉంటాయి. ‘త్సురి కిన్షి’ అంటే గాలం నిషేధం, ‘తచిఇరి కిన్షి’ అంటే లోపలికి రాకూడదు. ఈ రెండింటి జపనీస్ అక్షరాల బొమ్మ ఫోన్‌లో దాచుకుంటే ఊరు మారినా పనికొస్తుంది.

ఈ రోజంతా తనగో కోసం కాదు, మోత్సుగో కోసం. ఊళ్లో జనం దీన్ని కుచిబోసో అంటారు. మూతి చిన్నగా పైకి తిరిగి ఉంటుంది, పక్కన నల్లటి గీత. తనగో వేటగాళ్లు దీన్ని ఎర దొంగ అని విసుక్కుంటారు గానీ, చెయ్యి కుదుర్చుకోవడానికి ఇంతకు మించిన గురువు లేదు. రోజంతా ఎర కొడుతూనే ఉంటుంది. తూకం తప్పుంటే దీని దగ్గరే బయటపడుతుంది.

ఎర తయారీ పొద్దున్నే. కన్వీనియన్స్ స్టోర్‌లో ఒక పచ్చి గుడ్డు, సూపర్‌మార్కెట్‌లో మైదా. గుడ్డులో తెల్లసొన చుక్క కూడా లేకుండా పచ్చసొనను వేరు చేసి, పై పొరను గిల్లి వదిలేసి, లోపలిది మాత్రమే గిన్నెలోకి జార్చాలి. తెల్లసొన కలిస్తే ఎర గాలానికి అంటదు, జారిపోతుంది. మైదా ఒక్కో టీస్పూను చొప్పున వేస్తూ ఉండలు లేకుండా కలపండి. గుడ్డు పరిమాణాన్ని బట్టి రెండు మూడు స్పూన్లు పడుతుంది. దోసెపిండి కన్నా గట్టిగా, గారెపిండి కన్నా జారుగా రావాలి. చెంచాతో ఎత్తితే తెగకుండా తీగలా దిగితే అదే పాకం. ప్లాస్టిక్ సంచిలో వేసి, మూల కోసి, గొట్టంలోకి పిండుకోవాలి.

గాలానికి పెట్టేటప్పుడు గొట్టం కొసన చిన్న చుక్క వచ్చేలా నొక్కి, గాలం ముల్లును అందులో ముంచి తిప్పుతూ లాగాలి. ముల్లు కొస మీద ఒక మిల్లీమీటరు చుక్క నిలిస్తే చాలు. కొత్తవాళ్లంతా పెద్ద చుక్క పెడతారు. చేప అంచులు కొరికి తింటుంది, ముల్లు నోట్లోకి వెళ్లదు. ఎండ ఎక్కితే పచ్చసొన పలచబడుతుంది, గొట్టాన్ని తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. బాగా చలిగా ఉంటే బిగుసుకుని గొట్టంలోంచి రాదు, అప్పుడు చొక్కా జేబులో పెట్టుకోవాలి. మర్నాటికి దాచవద్దు.

గాలాన్ని విసరకూడదు, దించాలి. బెండ్లు దిగుతున్నంతసేపూ పూసల వరస మీదే చూపు. మూడు రకాల కదలికలు కనిపిస్తాయి: దిగుతున్న వరస ఆగిపోవడం, పూసల్లో ఒకటి రెండు పక్కకు వంకర తిరగడం, పై బెండు టక్కున మునగడం. మూడోది అందరికీ కనిపిస్తుంది, నిజానికి అప్పటికే ఆలస్యం. మొదటి రెండింటికే మణికట్టు ఎత్తాలి. ఎత్తడమంటే నాలుగైదు సెంటీమీటర్లే. పరిగెకు లాగినట్టు కర్ర మొత్తం లేపితే మూతి చిరిగిపోతుంది, లేదా గుంపు బెదిరి చెదురుతుంది.

ఎర పోతూ చేప పడటం లేదంటే ముందు గాలం వాడి చూడండి. తర్వాత ఎర చుక్క తగ్గించండి. అప్పటికీ పడకపోతే సీసాన్ని గాలానికి ఒక సెంటీమీటరు దగ్గరకు జరపండి. తూకం ముట్టుకోవడం చిట్టచివరి మాట, ఎందుకంటే గట్టు మీద గాలిలో అది మళ్లీ కుదరదు.

మూడో రోజు: త్సుచిఉరా, తామర కాలువలు

ఉఎనో నుంచి జోబన్ లైన్‌లో త్సుచిఉరాకు గంట పైచిలుకు. తొలి రైళ్లలో ఒకటి పట్టుకోవాలి. కసుమిగౌరా జపాన్‌లో రెండో పెద్ద సరస్సు, దాదాపు 220 చదరపు కిలోమీటర్లు. ఇంత పెద్దదైనా సగటు లోతు నాలుగు మీటర్లే. ఒకప్పుడు సముద్రపు పోటు తగిలే ఉప్పుటేరు నీళ్లు, దిగువన తూము కట్టాక మంచినీళ్లయ్యాయి. మత్స్య చట్టం మాత్రం ఈ సరస్సును ఇప్పటికీ సముద్ర ప్రాంతంగానే లెక్కిస్తుంది. అందుకే నదులకు కొనాల్సిన మత్స్య సహకార సంఘపు టికెట్ ఇక్కడ సరస్సులో గాలానికి అక్కర్లేదు.

స్టేషన్ దగ్గరే సైకిళ్లు అద్దెకిస్తారు. సరస్సు చుట్టూ సైకిల్ దారి ఉంది. తనగో వేటకు కారు కన్నా సైకిలే మేలు. ఒక రేవులో అరగంట చూసి, లేవనుకుంటే తర్వాతి రేవుకు పోవచ్చు. బండి ఎక్కడ ఆపాలన్న తగువూ ఉండదు.

ఒడ్డు పొడవునా తామర పొలాలే. ఇబరాకి రాష్ట్రం తామర దుంపల సాగులో దేశంలోనే మొదటిది. పొలాలకూ సరస్సు కరకట్టకూ మధ్య ఒకటి రెండు మీటర్ల వెడల్పున కాలువలు పోతుంటాయి. గాలం వేసేవాళ్లు వీటిని ‘హోసో’ అంటారు. నీళ్లు మోకాలి లోతు, అడుగున బురద. అన్ని కాలువలూ ఒకేలా కనిపిస్తాయి కానీ చేప ఉండే చోట్లు కొన్నే: తూము కింద నీళ్లు తిరిగే మూల, రెండు కాలువలు కలిసేచోటు, అడ్డంగా పడ్డ గడ్డి నీడ, చిన్న వంతెన కింద. అయిదు నిమిషాలు గాలం వేయకుండా నిలబడి చూడండి. నీళ్ల అడుగున వెండి మెరుపు ఒకటి పక్కకు తిరిగి ఆరిపోతే అది తనగోయే. రాతి మీద నాచు గీకడానికి ఒళ్లు వాల్చినప్పుడు అలా మెరుస్తుంది.

పొలాల మధ్య దారులు రైతులవి. తామర దుంపలు తవ్వే కాలం ఇదే కాబట్టి చిన్న ట్రక్కులు రోజంతా తిరుగుతాయి. సైకిల్ గట్టు గడ్డిలో పడుకోబెట్టాలి, బకెట్టు దారిలో పెట్టకూడదు. ఎదురైన రైతుకు తల వంచి పలకరిస్తే చాలాసార్లు ఏ తూము దగ్గర చేపలున్నాయో ఆయనే చేత్తో చూపిస్తాడు.

ఇక్కడ ఎక్కువగా పడేది తైరికు బరాతనగో. ముద్దుపేరు ‘ఒకమే’. పరిమాణం నాలుగైదు సెంటీమీటర్లు. ఆసియా ప్రధాన భూభాగం నుంచి వచ్చి పడ్డ జాతి. ఒళ్లు వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది, మూతి దగ్గర మీసాలుండవు, తోక వైపు ఒంటి మీద నీలిగీత. పక్కల మీద ఉండాల్సిన చుక్కల గీత మొదటి కొన్ని పొలుసులకే ఆగిపోతుంది. పొట్టకింది రెక్క ముందంచు తెల్లగా ఉంటుంది. ఆడచేపలకూ పిల్లలకూ వీపు రెక్క మీద నల్లమచ్చ. ఇవన్నీ చేతిలో పట్టుకుని చూసేవి కావు. డబ్బాలో ముందు నీళ్లు నింపి, చేతులు తడుపుకుని, చేపను నేరుగా అందులోకి వదిలి, పక్క నుంచి ఫొటో తీయాలి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి జిగురు ఊడి, వదిలినా బతకదు. డబ్బాను ఎండలో పెట్టకండి. పావులీటరు నీళ్లు కాసేపట్లోనే వేడెక్కుతాయి.

మీసాలున్న తనగో పడితే జాగ్రత్తగా చూడాలి. పక్కగీత తోకదాకా ఉండి, ఒళ్లు కాస్త సన్నగా ఉంటే అది తనగో అనే పేరే ఉన్న అసలు జాతి కావచ్చు, లేదా అకహిరెతాబిరా. రెండూ ఈ దేశపు జాతులే, రెండూ ఏటేటా తరిగిపోతున్నవే. తనగోలన్నీ బతికున్న ఆల్చిప్పల మొప్పల్లో గుడ్లు పెడతాయి. ఆడచేపకు గుడ్లు పెట్టే గొట్టం పొడవుగా వేలాడుతుంది, దాన్ని ఆల్చిప్ప నీళ్లు వదిలే రంధ్రంలోకి దూర్చుతుంది. కాలువకు కాంక్రీటు వేసి బురద తీసేస్తే ఆల్చిప్ప పోతుంది, దాని వెనకే తనగో పోతుంది. అందుకే బురద కాలువ చూసి ముఖం చిట్లించకండి, ఈ చేపకు కావాల్సింది అదే.

నాలుగో రోజు: కసుమిగౌరా రేవులు

పడవల రేవుల్ని ఇక్కడ ‘డొక్కు’ అంటారు. నాలుగు పక్కలా కాంక్రీటు గోడ, సరస్సుకు ఒక చిన్న ద్వారం. గాలి, అల లోపలికి రావు కాబట్టి చలికాలంలో తనగోలు ఇక్కడికి చేరతాయి. కట్టేసిన పడవల తాళ్ల మీద కాలు వేయకూడదు. చేపలు పట్టేవాళ్లు పనిచేస్తున్న వైపు వదిలేసి అవతలి గోడకు పోవాలి.

1.2 మీటర్ల కర్రకు ఈ రోజే పని. గోడకు జానెడు దూరంలో నిలువుగా దించి, 40 సెంటీమీటర్ల లోతు నుంచి మొదలుపెట్టి, పది పదిహేను సెంటీమీటర్ల చొప్పున కిందికి వెతకాలి. ఒక లోతులో వరసగా రెండు పడితే గుంపు అక్కడే ఉంది. మధ్యాహ్నానికి ఆ గుంపు లేచి పైకి వస్తుంది, లేదా పడవ నీడలోకి జరుగుతుంది. కదలిక ఆగిన మరుక్షణం చోటు మార్చేయకుండా ముందు లోతు మార్చి చూడాలి.

గాలి ఈ సరస్సుకు శాపం. ఎదురుగా అడ్డమేమీ లేదు. మధ్యాహ్నం గాలి లేస్తే పూసల వరస దానంతటదే వంకర తిరిగి, అన్నీ కాట్లలాగే కనిపిస్తాయి. అప్పుడు కర్ర కొసను నీళ్లలోకి వేలెడు ముంచి పట్టుకుంటే పైదారం గాలికి దొరకదు. అదీ చాలకపోతే 0.6 గో దారం కట్టిన రెండో సెట్టు తీయడమే.

కనెహిరాకు పచ్చసొన కన్నా గ్లూటెన్ (గోధుమ జిగురు) ఎర నయం. నాచు, మొక్కల మీద బతికే చేప అది. మరుక్యూ వాళ్ల తనగో గ్లూటెన్ పొడికి దాదాపు సమానంగా నీళ్లు కలిపి, రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచి, తర్వాత పిసికితే నార సాగుతుంది. ముద్ద చేసి గాలానికి గుచ్చడం కాదు, ముద్ద పైన గాలం కొసను సుతారంగా గీరితే నారపోగులు దానంతటవే తగులుకుంటాయి. మగ కనెహిరా పది సెంటీమీటర్లు దాటి ఉంటుంది, వీపు నీలిపచ్చ, పొట్ట గులాబి. మొప్ప వెనక భుజం మీద ముదురు మచ్చ. 0.4 గో దారం మీద అది గిరగిరా తిరుగుతుంటే కర్ర వంగినా లాగేయకూడదు, కర్ర తనే పని చేస్తుంది.

దీన్ని పోలిన ఇంకొకటి ఇక్కడుంది: ఓతనగో. ఇదీ ఆసియా ప్రధాన భూభాగం నుంచి వచ్చి ఈ సరస్సులో పాతుకుపోయింది. 2016లో దీన్ని హానికర విదేశీ జాతుల జాబితాలో చేర్చారు. ప్రాణంతో ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లడం నేరం, పెంచడం నేరం. అమెరికన్ క్యాట్‌ఫిష్ కూడా అదే జాబితాలోది. అడుగుకు దించినప్పుడు బెండు ఒక్కసారిగా మాయమై కర్ర విల్లులా వంగితే అదే. దారం తెగడం ఖాయం, తెగితే తెగనివ్వండి. చిన్నదే వచ్చినా రెక్క ముళ్లు మన జెల్ల ముళ్లలాగే గుచ్చుకుంటాయి, పట్టకారుతోనే విప్పాలి. బకెట్టులో చేపల్ని వేసుకుని ఇంకో రేవుకు సైకిల్ తొక్కడం ఈ జాబితా వల్లే పెద్ద తప్పవుతుంది. ఎక్కడ పట్టింది అక్కడే చూసి, అక్కడే వదలాలి.

కాలువల్లో పడే మెదకా సంగతీ ఇంతే. మెదకా ఈ దేశపు చేప, దాన్ని అచ్చు పోలిన కదయాషి దోమల కోసం తెచ్చిన అమెరికా చేప, నిషేధిత జాబితాలో ఉన్నది. పైనుంచి చూస్తే రెండూ ఒకటే. డబ్బాలో పక్క నుంచి చూడాలి: మెదకాకు అడుగు రెక్క పొడవుగా తోకవైపు సాగి ఉంటుంది, తోక చివర నిటారుగా కోసినట్టుంటుంది. కదయాషికి అడుగు రెక్క చిన్నది, తోక గుండ్రం.

రాత్రి హోటల్లో తప్పనిసరి పని ఒకటుంది. బకెట్టు, డబ్బా, చెప్పులు కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. బంగారు ఆల్చిప్ప అనే విదేశీ జాతి కసుమిగౌరాలోనూ బివాలోనూ తిష్ఠ వేసింది, దాని పిల్లలు కంటికి కనిపించనంత చిన్నవి. బకెట్టు అడుగున మిగిలిన గుక్కెడు నీళ్లు చాలు ఇంకో చెరువుకు అంటించడానికి. తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టి రైలెక్కితే లాభం లేదు, ఎండాలి.

అయిదో రోజు: ప్రయాణం, మ్యూజియం

టోక్యో నుంచి బివా పక్కనున్న మైబరాకు బుల్లెట్ రైలు షింకాన్‌సెన్‌లో రెండుంబావు గంటలు. నొజోమి రైళ్లు మైబరాలో ఆగవు, హికారి ఎక్కాలి. అక్కడి నుంచి లోకల్‌లో కుసాత్సు, స్టేషన్ నుంచి బస్సులో బివాకో మ్యూజియం. సోమవారం సెలవు. గాలం వేయని రోజు కదా అని దీన్ని వదిలేయకండి. సరస్సు చేపలన్నీ అద్దాల వెనక, పేర్లతో, సరైన వెలుతురులో ఈదుతుంటాయి. ఫొటోల్లో తేలని తేడాలు ఇక్కడ పది నిమిషాల్లో తేలిపోతాయి. రక్షిత జాతులను కంటితో చూసే అవకాశమూ ఇక్కడే.

పట్టకూడని చేపల మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మియాకో తనగో, ఇతాసెన్‌పరా రెండూ 1974 నుంచి ‘సహజ స్మారకాలు’, అంటే ప్రభుత్వం ప్రత్యేకంగా కాపాడే జాతులు. పడమటి రాష్ట్రాలు ఒకయామా, హిరోషిమాల్లో సుయిగెన్ జెనితనగో ఉంది. ఈ మూడింటినీ అరుదైన జాతుల చట్టం కింద పట్టుకోవడమే నేరం, వ్యక్తులకు అయిదేళ్ల దాకా జైలు, 50 లక్షల యెన్‌ల దాకా జరిమానా. ఒకయామా కాలువల్లో తనగో జాతులు ఎన్నో ఉన్నాయని విని చాలామంది మైబరా నుంచి నేరుగా అటు పోదామనుకుంటారు. మా సలహా వద్దనే. నాలుగు సెంటీమీటర్ల రక్షిత చేపకూ దాని పక్కనే ఈదే మామూలు చేపకూ తేడా గాలం వేసేముందు తెలియదు, పడ్డాక తెలిసి లాభం లేదు. ఆ ఊరివాళ్లెవరైనా వెంట ఉండి, ఏ కాలువలో ఏముందో చెప్పగలిగితేనే అక్కడ కర్ర తీయాలి.

ఆరో రోజు: బివా ఒడ్డు

బెండ్లు సంచిలోనే ఉంచండి. ఈ రోజు కళ్లతో చూసి పట్టడం. యోషినోబొరి అనే చిన్న రాతి చేపలు, మన ఇసుకదొందు చుట్టాలు, ఒడ్డున గులకరాళ్ల మధ్య మోకాలి లోతులో కూర్చుని ఉంటాయి. పొద్దు వీపు వెనక ఉండేలా నిలబడి, పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే రాయికీ చేపకూ తేడా తెలుస్తుంది. కదలకుండా చూడాలి. మీ నీడ పడ్డ రాయి కింద ఏ చేపా ఉండదు.

దారానికి గాలం, దానికి మూడు సెంటీమీటర్ల పైన కొంచెం సీసం. అంతే. ఎర ఎర్రపురుగు ముక్క రెండు మిల్లీమీటర్లు, ముల్లు కొస బయటికి కనిపించాలి. చేప మూతికి రెండు సెంటీమీటర్ల ముందు అడుగుకు దించి, ఒకసారి పైకి కదిపి వదలండి. తిన్నగా నెత్తిమీద దించితే దూకి పారిపోతుంది. వెనక నుంచి తెచ్చినా అంతే. ముందుకు వచ్చి ఎరను నోట్లోకి లాక్కుంటుంది. ఎర కనబడకుండా పోయాక మనసులో ఒక లెక్క పెట్టుకుని ఎత్తాలి. తొందరపడితే ఎర మూతి అంచున ఉంటుంది, ఆలస్యమైతే రాయి కిందికి దూరుతుంది, గాలం రాతికి తగులుకుంటుంది. పొట్టకింది రెండు రెక్కలూ కలిసి గిన్నెలా ఉంటే యోషినోబొరి కుటుంబమే. ఈ రెక్కతోనే డబ్బా గోడకు అతుక్కుని నిలబడుతుంది, ఫొటోకు ఇంతకన్నా అనుకూలమైన చేప లేదు.

మధ్యలో బ్లూగిల్ పిల్లలు వచ్చి ఎర లాక్కుంటాయి. బివా ఉన్న షిగా రాష్ట్రంలో విదేశీ చేపలైన బ్లూగిల్, బ్లాక్ బాస్ పడితే తిరిగి నీళ్లలోకి వదలకూడదు, 2003 నుంచి అది నిబంధన. ఒడ్డున అక్కడక్కడా వాటికోసం పెట్టెలు ఉంటాయి, అందులో వేయాలి. ఇక ఆయు అనే ఇక్కడి చేప పిల్లలు ఉల్టా. గుడ్లు పెట్టే కాలంలో వాటిని పట్టడం నిషేధం. వీపు రెక్కకూ తోకకూ మధ్య చిన్న కొవ్వు రెక్క కనిపిస్తే ఆయు అని గుర్తు. పడ్డ వెంటనే నీళ్లలోనే గాలం విప్పి వదిలేయాలి, ఆ గుంపు ఉన్న చోటు నుంచి జరగాలి.

మధ్యాహ్నం సరస్సులో అల లేస్తే అడుగు కనిపించదు. అప్పుడు సరస్సులో కలిసే ఏదైనా ఏటి వెంట కాస్త పైకి నడవాలి. ఏటిలోకి అడుగుపెట్టగానే నియమం మారుతుంది: సరస్సులో లేని టికెట్ ఇక్కడ కావాలి. ఆ నది సహకార సంఘం ఒకరోజు టికెట్‌ను గాలం సామాను దుకాణంలోనో కన్వీనియన్స్ స్టోర్‌లోనో ఫోన్‌లోనో ముందే కొనాలి, గట్టు మీద తనిఖీకి వచ్చినవాళ్ల దగ్గర కొంటే ధర ఎక్కువ. ‘జక్కో’ అని అడిగితే చిల్లర చేపల టికెట్ ఇస్తారు, ఆయు టికెట్ కన్నా చవక.

ఏటిలో ఒయికావా, కవముత్సు అనే చిన్న చేపలు రెండూ పడతాయి. ఇక్కడ మళ్లీ బెండు పని, కానీ తేలే బెండు, నెమ్మదిగా దిగేది కాదు. ప్రవాహంతో పాటు గాలాన్ని వదిలి, బెండు నీటి వేగం కన్నా నిమ్మళించిన చోట ఎత్తాలి. ఒంటి పక్కన వెడల్పాటి ముదురు పట్టీ తోకదాకా ఉంటే కవముత్సు. చెట్టు నీడ, నిలిచిన మడుగు దానివి. వెండిలా మెరిసి, పక్కన పట్టీ లేకుండా, మగదానికి అడుగు రెక్క పొడవుగా ఉంటే ఒయికావా. ఎండపడే పలచటి ప్రవాహం దానిది. ఒకే వంపులో నాలుగడుగుల తేడాలో రెండూ దొరుకుతాయి కాబట్టి నీడ వైపొకటి, ఎండ వైపొకటి వేసి చూడండి. చీకటి పడేలోపు సామాను సర్దుకుంటే చాలు, మైబరా ప్రయాణం చీకట్లో పెట్టుకోవచ్చు. వాడిన గాలాలు నూనె గుడ్డలో చుట్టి దాచినా తుప్పు పడతాయి, దారంతో సహా కత్తిరించి మూత ఉన్న డబ్బాలో వేసి హోటల్ చెత్తలో వదిలేయడమే మంచిది.